కొట్టొద్దని చెప్పే కణాలు

ఈ.కొలై అనే బ్యాక్టీరియా మూత్రనాళంలోకి చేరితే మంట, చలిజ్వరం. నెత్తురులోకి చేరితే ప్రాణం మీదికే వస్తుంది. అదే ఈ.కొలై మనందరి పెద్దపేగులో, పుట్టిన కొద్దిరోజుల నుంచీ కాపురం ఉంటోంది. అక్కడ దాన్ని మన రోగనిరోధక వ్యవస్థ పల్లెత్తు మాట అనదు. మూత్రనాళంలో మంట పుట్టించేది కూడా చాలాసార్లు పేగులోంచి వచ్చినదే. క్రిమి అదే, మనిషీ అదే. చోటు మారగానే తీర్పు ఎందుకు మారింది?

ఈ తీర్పు రాసే కణాల గురించే 2025 అక్టోబరు 6న వైద్యశాస్త్ర నోబెల్ ప్రకటించారు. జపాన్‌కు చెందిన షిమోన్ సకాగుచి, అమెరికాకు చెందిన మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ ఆ బహుమతిని పంచుకున్నారు. వాళ్లు వెలికితీసిన కణాల పేరు రెగ్యులేటరీ టీ కణాలు. శాస్త్రవేత్తలు ముద్దుగా టీరెగ్‌లు అంటారు. క్రిమిని చంపడం వీటి పని కాదు. చంపడానికి దూకబోతున్న తోటి కణాలను ఆపడం వీటి పని.

కరోనా తర్వాత మన ఇళ్లలో ‘ఇమ్యూనిటీ పెంచుతుంది’ అన్న మాట మంత్రంలా తిరుగుతోంది. కషాయం పొడి నుంచి బిస్కెట్ల దాకా అదే రాత. కానీ నెత్తురు విరేచనాలతో, కీళ్లనొప్పులతో, థైరాయిడ్‌తో ఆసుపత్రి వరండాల్లో కూర్చున్నవాళ్లలో ఎంతోమంది కష్టం ఇమ్యూనిటీ తగ్గడం వల్ల వచ్చింది కాదు, దానికి కళ్లెం జారిపోవడం వల్ల వచ్చింది. ఆ కళ్లెం ఎలా పనిచేస్తుందో చూడాలంటే పేగును మించిన చోటు లేదు.

ఒక్క వరస కణాల గోడ

డెబ్భై కిలోల మనిషి ఒంట్లో బ్యాక్టీరియా దాదాపు 38 లక్షల కోట్లు, సొంత కణాలు దాదాపు 30 లక్షల కోట్లు. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు 2016లో వేసిన అంచనా ఇది. ఆ బ్యాక్టీరియాలో అత్యధిక భాగం పెద్దపేగులోనే ఉంటుంది. వాటికీ మన నెత్తురుకూ మధ్య ఉన్న గోడ ఒకే ఒక్క వరస కణాలు. ఉల్లిపొరకన్నా పల్చన. ఆ కణాలు కూడా నాలుగైదు రోజులకోసారి రాలిపోయి కొత్తవి వస్తుంటాయి.

గోడకు ముందు జిగురు పొర ఉంటుంది. పెద్దపేగులో అది రెండు పొరలుగా ఉంటుందనీ, లోపలి పొరలోకి బ్యాక్టీరియా దాదాపుగా రాలేదనీ స్వీడన్ పరిశోధకులు 2008లో చిట్టెలుకల్లో చూపించారు. దానికి తోడు ఐజీఏ అనే యాంటీబాడీలు రోజూ గ్రాముల లెక్కన పేగులోకి ఊరుతూ బ్యాక్టీరియాను పూతలా చుట్టేస్తుంటాయి. అంటే మొదటి ఉపాయం దూరం ఉంచడం.

కానీ దూరం ఒక్కటే చాలదు. పేగు గోడ కింద మాటువేసిన కొన్ని రోగనిరోధక కణాలు బ్యాక్టీరియా ముక్కలను రోజూ లోపలికి తెచ్చుకుని పరిశీలిస్తూనే ఉంటాయి. లోపలున్నవి ఎవరో ఒంటికి తెలుసు. తెలిసీ ఊరుకుంటోంది. ఆ ఊరుకోవడం నేర్పేదెవరు?

పాఠ్యపుస్తకాల్లో చాలాకాలం ఉన్న జవాబు థైమస్ గ్రంథి. ఛాతీలో, గుండెకు కాస్త పైన ఉండే ఈ చిన్న గ్రంథిలో టీ కణాలు పెరిగి పెద్దవవుతాయి. మన సొంత ప్రొటీన్ల మీదికి తిరగబడే టీ కణాన్ని థైమస్ అక్కడే చంపేస్తుంది. ఈ వడపోత నిజమే. కానీ థైమస్ చూపించగలిగేది ప్రధానంగా మన ఒంటి ప్రొటీన్లనే. పేగు బ్యాక్టీరియా మన సొంతం కాదు, బయటి నుంచి వచ్చినవి. పైగా ఒకరి పేగులో ఉన్నవన్నీ మరొకరి పేగులో ఉండవు. ఊరు మారినా తిండి మారినా వాటి జాబితా మారుతుంది. కాబట్టి వాటితో ఎలా మెలగాలో టీ కణాలు థైమస్ దాటి బయటికొచ్చాకే, బతుకులో ఎదురుపడ్డాకే నేర్చుకోవాలి.

పేరు చెడిన ఊహ, పట్టు వదలని మనిషి

టీ కణాల్లో అణచివేసేవి కూడా ఉంటాయన్న మాట కొత్తది కాదు. యేల్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ గెర్షన్, కజునారి కోండో 1970లోనే ఆ మాట అన్నారు. ‘సప్రెసర్ టీ కణాలు’ అన్న పేరుతో పదేళ్లపాటు వందలకొద్దీ పరిశోధనలు జరిగాయి. ఆ కణాలకు ఆనవాలుగా ఐ-జే అనే జన్యువు ఒకటి ఉందన్నారు. తీరా 1980లలో డీఎన్ఏను విప్పి చూస్తే, ఉందన్న చోట ఆ జన్యువే లేదు. దాంతో ఆ రంగం మీద నమ్మకం కుప్పకూలింది. చాలామంది ఆ ఊహను పూర్తిగా వదిలేశారు.

సకాగుచి వదల్లేదు. నగోయాలోని ఐచి క్యాన్సర్ కేంద్రంలో అంతకుముందే జరిగిన ఒక ప్రయోగం ఆయన మనసులో నాటుకుపోయింది. పుట్టిన మూడో రోజున చిట్టెలుక పిల్లకు థైమస్ తీసేస్తే ఏమవుతుంది? టీ కణాలు తగ్గి రోగనిరోధక శక్తి చప్పబడాలి. జరిగింది దానికి విరుద్ధం. ఆ పిల్లల అండాశయాల మీద, వేరే అవయవాల మీద సొంత రోగనిరోధక వ్యవస్థే దాడికి దిగింది. అదే జాతికి చెందిన ఆరోగ్యవంతమైన ఎలుక నుంచి టీ కణాలు తెచ్చి ఎక్కించారు సకాగుచి. జబ్బు రాలేదు. అంటే టీ కణాల్లోనే టీ కణాలను ఆపేవి ఉన్నాయి. కానీ ఏవి? చూపుకు అన్నీ ఒకేలా ఉంటాయి. వాటిని వేరుపరిచే గుర్తు పట్టుకోవడానికి ఆయనకు పదేళ్లకు పైగా పట్టింది. 1995లో ప్రకటించారు: ఉపరితలం మీద సీడీ25 అనే ప్రొటీన్ ఉన్న టీ కణాలే అవి. ఊరంతా కొట్టిపారేసిన దారిలో ఒక్కడే అన్నేళ్లు నడవడం మామూలు సంగతి కాదు.

ఇంకో దారి అమెరికాలోని టెనసీ రాష్ట్రం నుంచి వచ్చింది. అణుబాంబు ప్రాజెక్టు కోసం వెలసిన ఓక్ రిడ్జ్ పట్టణంలోని ప్రయోగశాలలో, రేడియేషన్ ప్రభావాన్ని తెలుసుకోవడానికి వేలకొద్దీ చిట్టెలుకలను పెంచేవారు. 1949లో వాటిలో కొన్ని మగపిల్లలు వింతగా పుట్టాయి. ఒళ్లంతా పొలుసులు రాలేవి. ప్లీహం, లింఫ్ గ్రంథులు ఉబ్బిపోయేవి. కొద్ది వారాలకే చచ్చిపోయేవి. రేడియేషన్ తగలని ఎలుకలే అవి, లోపం దానంతట అదే పుట్టింది. వాటికి ‘స్కర్ఫీ’ అని పేరు పెట్టారు. మగవాటికే వస్తోంది కాబట్టి లోపం ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉందని తేలింది. ఆ లోపం ఏ జన్యువులో ఉందో మాత్రం అర్ధ శతాబ్దం దాకా ఎవరూ పట్టుకోలేకపోయారు.

1990లలో సియాటెల్ దగ్గర బోథెల్‌లోని ఒక బయోటెక్ సంస్థలో బ్రంకో, రామ్స్‌డెల్ ఈ పని నెత్తికెత్తుకున్నారు. ఎలుక ఎక్స్ క్రోమోజోమ్‌లో దాదాపు 17 కోట్ల అక్షరాలు. ఇప్పటిలా కొద్దిరోజుల్లో జన్యుపటం చదివేసే యంత్రాలు అప్పుడు లేవు. వెతికే చోటును కుదించుకుంటూ కుదించుకుంటూ 5 లక్షల అక్షరాలకు, 20 జన్యువులకు తెచ్చారు. ఒక్కొక్కటే విప్పి ఆరోగ్యమైన ఎలుక జన్యువుతో పోల్చి చూశారు. పందొమ్మిదింటిలో తప్పు లేదు. చివరిదైన ఇరవయ్యోదాంట్లో దొరికింది. దానికి ఫాక్స్‌పీ3 అని పేరు. 2001లో ఆ సంగతి లోకానికి తెలిసింది.

అదే ఏడాది ఆ జన్యువు మనుషుల్లో ఒక అరుదైన జబ్బుకు మూలమని కూడా తేలింది. ఐపెక్స్ అనే ఆ జబ్బు మగశిశువులకు వస్తుంది. పుట్టిన కొద్ది వారాల్లో ఆగని విరేచనాలు. పాలు తాగుతున్నా బరువు పెరగరు. పసిగుడ్డుకు షుగర్ జబ్బు వస్తుంది, చర్మమంతా తామర. మూలుగ మార్పిడి చేయకపోతే చాలామంది పసితనం దాటరు. ఒక్క జన్యువు లోపిస్తే ఒళ్లంతా తనమీద తనే దాడి చేసుకుంటుంది, అందులోనూ పేగు ముందుగా దెబ్బతింటుంది. రెండేళ్లకు, 2003లో, సకాగుచి బృందంతో పాటు మరో రెండు బృందాలు ఈ రెండు దారులనూ కలిపాయి. సీడీ25 ఉన్న ఆ ఆపే కణాలను తయారుచేసే మీట ఫాక్స్‌పీ3యే.

నోబెల్ కమిటీ ఫోన్ చేసిన రోజున రామ్స్‌డెల్ కొండల్లో తిరుగుతున్నారు, ఫోన్ సిగ్నల్‌కు అందకుండా. ఆ వార్త ఆయనకు చేరేసరికి లోకమంతా చదివేసింది.

పేగు చెప్పిన సాక్ష్యం

నోబెల్ వార్తల్లో పెద్దగా వినపడని పేరు ఒకటుంది, ఫియోనా పౌరీ. పేగు సంగతికొస్తే ఆమె ప్రయోగమే నాకు అన్నిటికన్నా సూటిగా అనిపిస్తుంది. ఆమె అప్పుడు కాలిఫోర్నియాలో పనిచేస్తున్నారు. 1993లో టీ కణాలు, బీ కణాలు అసలే లేని చిట్టెలుకలను తీసుకున్నారు. వాటికి ఆరోగ్యమైన ఎలుక టీ కణాల్లో ఒక రకాన్ని, ఇంకా ఏ క్రిమినీ ఎదుర్కోని కొత్తవాటిని, ఎక్కించారు. కొన్ని వారాలకు ఆ ఎలుకలు చిక్కిపోయాయి, పెద్దపేగు వాచి మందమైంది. రెండో గుంపుకు అవే కణాలతో పాటు రెండో రకం టీ కణాలను కూడా కలిపి ఇచ్చారు. ఆ గుంపు ఆరోగ్యంగా ఉంది. ఒకే ఎలుక ఒంట్లోంచి వచ్చిన రెండు రకాల కణాలు. ఒకటి పేగును చీల్చేస్తుంది, రెండోది దాన్ని ఆపుతుంది.

దాడి దేనిమీద? బ్యాక్టీరియా తక్కువగా ఉండేలా పెంచిన ఎలుకల్లో జబ్బు బాగా తగ్గిపోయింది. అదే ఏడాది జర్మన్ పరిశోధకులు ఇంటర్‌ల్యూకిన్-10 అనే, రోగనిరోధక కణాల ఉద్రేకాన్ని తగ్గించే పదార్థాన్ని తయారుచేయలేని చిట్టెలుకలను సృష్టించారు. వాటికీ పేగువాపు వచ్చింది. సూక్ష్మజీవులేవీ లేని చోట అవే ఎలుకలను పెంచితే పేగు నిక్షేపంగా ఉంది. అంటే మన పేగులో బ్యాక్టీరియా మీద యుద్ధానికి కావలసిన సైన్యం ఎప్పుడూ సిద్ధంగానే ఉంది. దాన్ని ప్రతిరోజూ ఎవరో ఆపుతున్నారు కాబట్టే మనం కడుపునిండా తిని హాయిగా నిద్రపోతున్నాం.

ఆపే కణం ఎలా పుడుతుందో దగ్గరగా చూద్దాం. పేగును వెనకనుంచి పట్టి ఉంచే పొరలో బఠాణీ గింజల్లాంటి లింఫ్ గ్రంథులు వరసగా ఉంటాయి. పేగు గోడ దగ్గర బ్యాక్టీరియా ముక్కను అందుకున్న కణం ఈ గ్రంథికి చేరుతుంది. అక్కడ తిరుగుతున్న లేత టీ కణాలకు ఆ ముక్కను చూపిస్తుంది. ఆ ముక్కకు సరిపడే గ్రాహకం ఉన్న టీ కణం తగిలితే రెండూ అతుక్కుంటాయి. ఇక్కడే దారి చీలుతుంది. చుట్టూ ప్రమాదపు సంకేతాలుంటే టీ కణం దాడికి తయారవుతుంది. అవి లేకుండా, టీజీఎఫ్-బీటా అనే పదార్థం, విటమిన్-ఎ నుంచి తయారైన రెటినోయిక్ ఆమ్లం ఉంటే ఫాక్స్‌పీ3 మీట పడుతుంది. కణం టీరెగ్‌గా మారి పేగుకు తిరిగి వెళ్తుంది. ఇందులో విటమిన్-ఎ పాత్ర 2007లో బయటపడింది. ముక్కను చూపించేవి డెండ్రైటిక్ కణాలే అని చాలాకాలం అనుకున్నారు. 2022లో మూడు బృందాలు వేర్వేరుగా ఆ అభిప్రాయాన్ని సవరించాయి. బ్యాక్టీరియా విషయంలో ఆ పాఠం చెప్పేది వేరే అరుదైన కణజాతి అని తేల్చాయి.

పేగుకు చేరాక టీరెగ్ చేసే పనులు చాలా ఉన్నాయి. టీ కణాలు పెరగాలంటే ఇంటర్‌ల్యూకిన్-2 కావాలి. టీరెగ్ మీదున్న సీడీ25 ఆ పదార్థాన్ని పీల్చేసి పక్కవాటికి అందకుండా చేస్తుంది. టీరెగ్ మీదే ఉండే సీటీఎల్ఏ-4 అనే ప్రొటీన్, ముక్కలు చూపించే కణం నుంచి ‘దాడి చెయ్’ అనే సంకేతాన్ని ఊడబెరుకుతుంది. ఇవి కాక ఇంటర్‌ల్యూకిన్-10ను వదిలి చుట్టూ ఉన్న కణాల ఉద్రేకాన్ని తగ్గిస్తుంది.

ఈ పాఠానికి ఒక ఈడు ఉందనిపిస్తోంది. చిట్టెలుక పిల్లలు పాలు మాని మేత మొదలుపెట్టే రోజుల్లో పేగులో బ్యాక్టీరియా ఒక్కసారిగా పెరుగుతుంది, దానికి దీటుగా టీరెగ్‌లు కూడా. సరిగ్గా ఆ రోజుల్లో యాంటీబయాటిక్స్ ఇస్తే, పెద్దయ్యాక ఆ ఎలుకలు పేగువాపుకు సులువుగా లోనవుతున్నాయని పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు 2019లో చూపించారు. మన లెక్కన చెప్పాలంటే అన్నప్రాశన ఈడు. మనుషుల్లో ఇంత కచ్చితంగా రుజువు కాలేదు. డెన్మార్క్, కెనడా అధ్యయనాల్లో మాత్రం చిన్నతనంలో యాంటీబయాటిక్స్ ఎక్కువగా వాడిన పిల్లల్లో పేగువాపు జబ్బులు కాస్త ఎక్కువగా కనిపించాయి. న్యుమోనియా వచ్చిన బిడ్డకు యాంటీబయాటిక్ ప్రాణం పోసే మందు, దాన్ని ఆపకూడదు. మామూలు జలుబుకు, అదీ డాక్టరు రాయకుండానే, మెడికల్ షాపులో సీసా కొని పట్టించడం గురించే నా ఆందోళన.

పేగులో వాళ్లు పంపే కానుక

ఇంతవరకూ మన కణాల గొప్పే చెప్పుకున్నాం. బ్యాక్టీరియా కూడా ఊరికే కూర్చోలేదు. బ్యాక్టీరియా లేకుండా పెంచిన ఎలుక పెద్దపేగులో టీరెగ్‌లు చాలా తక్కువగా ఉంటాయి. జపాన్‌లో కెన్యా హోండా బృందం 2011లో అలాంటి ఎలుకలకు 46 రకాల క్లాస్ట్రీడియా బ్యాక్టీరియాను ఇచ్చి చూసింది. టీరెగ్‌లు పెరిగాయి. ధనుర్వాతం తెచ్చే క్రిమి కూడా ఈ కుటుంబానికి చెందిందే, అందుకే ఈ ఫలితం ఆశ్చర్యపరిచింది. 2013లో ఒక ఆరోగ్యవంతుడి మలం నుంచి అదే పని చేసే 17 రకాలను వేరుచేశారు.

ఎలా చేస్తున్నాయన్నది అదే ఏడాది మూడు ప్రయోగశాలల నుంచి వచ్చింది. మనం అరిగించుకోలేని పీచును ఈ బ్యాక్టీరియా పులియబెట్టి బ్యుటిరేట్ లాంటి చిన్న కొవ్వు ఆమ్లాలను తయారుచేస్తుంది. పెద్దపేగు గోడ కణాలకు బ్యుటిరేట్ ముఖ్యమైన ఆహారం. అది టీ కణంలోకి చేరి ఫాక్స్‌పీ3 జన్యువు దగ్గర డీఎన్ఏ చుట్టను వదులు చేస్తుంది, మీట సులువుగా పడుతుంది.

అంటే పళ్లెంలోని పీచుకూ పేగులోని శాంతికీ రసాయన దారి ఒకటి ఉంది. జొన్నరొట్టె, రాగిసంకటి, కందిపప్పు, గోంగూర, తోటకూర తిన్న తరాల నుంచి పాలిష్ బియ్యం, మైదా వైపు మనం చాలా త్వరగా జరిగిపోయాం. వండి చల్లార్చిన అన్నంలో పిండిపదార్థం కొంత బిగుసుకుని, చిన్నపేగులో అరగకుండా పెద్దపేగు దాకా వెళ్తుంది. చద్దన్నానికి శాస్త్రం ఇస్తున్న మద్దతు ఇక్కడిదాకా నిజం. అది పేగువాపును నయం చేస్తుందని ఎవరైనా చెబితే మాత్రం నమ్మొద్దు. జబ్బు రేగి ఉన్నప్పుడు ఎక్కువ పీచు కొందరికి ఇబ్బంది పెడుతుంది కూడా. అప్పుడు డాక్టరు చెప్పిన తిండే తినాలి.

మనుషుల్లో కళ్లెం తెగితే

ఎలుకల్లో చూసినదంతా మనకు వర్తిస్తుందా అన్న అనుమానం న్యాయమైనదే. క్యాన్సర్ వైద్యం ఒక సాక్ష్యం ఇచ్చింది. సీటీఎల్ఏ-4ను అడ్డుకునే ఇపిలిముమాబ్ మందుకు 2011లో అమెరికాలో అనుమతి వచ్చింది. రోగనిరోధక వ్యవస్థ కళ్లెం విప్పి క్యాన్సర్ మీదికి వదలడం దాని ఉద్దేశం. చాలామందికి మేలు చేసింది. కానీ దాని ప్రధాన దుష్ఫలితాల్లో ఒకటి పెద్దపేగు వాపు. క్యాన్సర్ గడ్డలు కూడా టీరెగ్‌లను చుట్టూ చేర్చుకుని వాటి నీడలో దాక్కుంటాయి. కాబట్టి టీరెగ్‌లు ఎంత ఎక్కువుంటే అంత మంచిదని కూడా అనలేం.

రెండో సాక్ష్యం పసిపిల్లల నుంచి. ఇంటర్‌ల్యూకిన్-10ను అందుకునే గ్రాహకంలో లోపంతో పుట్టిన శిశువులకు మొదటి ఏడాదిలోనే తీవ్రమైన పేగువాపు వస్తుందని 2009లో తేలింది. ఒక బిడ్డకు మూలకణాల మార్పిడి చేస్తే జబ్బు శాంతించింది. ఈ లోపం తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తేనే జబ్బుగా బయటపడుతుంది. మేనరికాలు ఇంకా జరుగుతున్న మన ఇళ్లలో ఇది తెలిసి ఉండటం అవసరం. ఏడాది నిండని బిడ్డకు నెత్తురు విరేచనాలు, మలద్వారం దగ్గర పుండ్లు మాటిమాటికీ వస్తుంటే ‘పళ్లు వస్తున్నాయిలే’ అని సరిపెట్టుకోకూడదు. మేనరికం సంగతి డాక్టరుకు దాచకుండా చెప్పాలి.

పెద్దవాళ్లలో అల్సరేటివ్ కొలైటిస్, క్రోన్స్ అనే పేగువాపు జబ్బులకు ఒకే జన్యువు కారణం కాదు. టీరెగ్‌లు లేకపోవడం కన్నా, దాడి కణాలు వాటి మాట వినకపోవడం, జిగురు పొర పల్చబడటం, బ్యాక్టీరియా కూర్పు మారడం అన్నీ కలిసి వస్తాయి. ఇవి తెల్లవాళ్ల జబ్బులు, పట్నం జబ్బులు అనుకునే రోజులు పోయాయి. కడుపు బాధలతో వచ్చిన 30 వేల మందికి పైగా పరీక్షించి హైదరాబాద్‌లోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యులు 2023లో ఫలితాలు ప్రచురించారు. వాళ్లలో నూటికి అయిదుగురికి పైగా ఈ జబ్బులున్నాయి. పల్లెలకూ పట్నాలకూ పెద్ద తేడా లేదు.

మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. పేగు క్షయ, క్రోన్స్ జబ్బు రెండూ ఎక్కువగా చిన్నపేగు, పెద్దపేగు కలిసే చోటే వస్తాయి. జ్వరం, బరువు తగ్గడం, కుడివైపు పొత్తికడుపులో నొప్పి రెండింటిలోనూ ఉంటాయి. ముక్కపరీక్షలో కూడా ఒక్కోసారి తేడా తెలియదు. క్రోన్స్‌ను క్షయ అనుకుంటే నెలల తరబడి క్షయ మందులతో కాలం గడిచిపోతుంది. క్షయను క్రోన్స్ అనుకుని రోగనిరోధక శక్తిని అణచే స్టెరాయిడ్లు, ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఇస్తే క్షయ ఒళ్లంతా పాకుతుంది. అందుకే డాక్టరు క్షయ పరీక్షలు మళ్లీ మళ్లీ చేయిస్తుంటే విసుక్కోకండి.

టీరెగ్‌ల జ్ఞానం మందుగా మారుతోందా? నెమ్మదిగా. హోండా పరిశోధన నుంచి పుట్టిన బ్యాక్టీరియా మిశ్రమాన్ని అల్సరేటివ్ కొలైటిస్ రోగుల మీద పరీక్షించారు. 2025లో వచ్చిన ఫలితం ఆశించిన లక్ష్యాన్ని అందుకోలేదు. ఎలుకలో పనిచేసింది మనిషిలో పనిచేయకపోవడం వైద్యంలో కొత్త కాదు. కానీ ఆశపెట్టుకున్న రోగుల కోసం మనసు బాధపడుతుంది. రోగి సొంత టీరెగ్‌లను ప్రయోగశాలలో పెంచి తిరిగి ఎక్కించే ప్రయత్నాలు, ఇంటర్‌ల్యూకిన్-2ను అతి తక్కువ మోతాదులో ఇచ్చి వాటిని పెంచే ప్రయత్నాలు ఇంకా చిన్న చిన్న అధ్యయనాల దశలోనే ఉన్నాయి. ఈలోగా అంగట్లో దొరికే ఏ ప్రోబయోటిక్ సీసా ఈ పని చేస్తుందన్నా దానికి రుజువు అడగండి.

ఇప్పుడున్న మందులతోనే చాలామంది మామూలు బతుకు బతుకుతున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు, పిల్లల్ని కంటున్నారు. ఆలస్యమే చేటు తెస్తోంది. మూలశంక అనుకుని ఏళ్లు నెట్టుకొచ్చేవాళ్లు ఎందరో. నెల దాటినా ఆగని విరేచనాలు, మలంలో నెత్తురు, నిద్రలోంచి లేపే విరేచనం, కారణం లేకుండా బరువు తగ్గడం, వీటిలో ఏది కనిపించినా గ్యాస్ట్రోఎంటరాలజిస్టును కలవాలి. పేగులో వాపు ఉందో లేదో తేల్చుకోవడానికి మొదట మలంలో కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష సాయపడుతుంది. అది ఎక్కువగా ఉన్నా, మలంలో నెత్తురు లాంటి లక్షణాలున్నా కొలనోస్కోపీ దాకా వెళ్తారు.